పది రోజుల గుండె ఆపరేషన్ల శిబిరం ముగిశాక అక్కడివారికి మిగిలేది ఏమిటి?

పంపుగది

విజయవాడలో పదహారేళ్లుగా పెర్ఫ్యూజనిస్టుగా పనిచేస్తున్నాను. గుండెను ఆపి ఆపరేషను చేసేటప్పుడు రోగి రక్తానికి ప్రాణవాయువు ఎక్కించి ఒంట్లో తిప్పే యంత్రాన్ని నడపడం నా ఉద్యోగం. మేము దాన్ని 'పంపు' అంటాం. రువాండా రాజధాని కిగాలికి వెళ్తున్న ఒక విదేశీ స్వచ్ఛంద బృందం, తమతో రావలసిన పెర్ఫ్యూజనిస్టుకు వీలుపడలేదని, పది రోజులకు నన్ను రమ్మని అడిగింది. విమానం ఖర్చూ బసా వారివి, సెలవు మాత్రం నాది.

వెళ్లాలనే ఉంది కానీ పాత అనుభవం ఒకటి వెనక్కి లాగుతోంది. చాలా ఏళ్ల కిందట ఇటువంటి బృందంతోనే మరొక దేశం వెళ్లాను. ఎనిమిది రోజుల్లో పద్నాలుగు ఆపరేషన్లు చేశాం, పద్నాలుగు మందీ లేచి నడిచారు, అందరం కలిసి ఫొటో దిగాం. తిరుగు ప్రయాణం రోజు సామాను సర్దుతుంటే అక్కడి థియేటరు నర్సు వచ్చి, పంపు ఉన్న గది తాళంచెవి ఎవరికి అప్పగించమంటారని అడిగింది. మీ దగ్గరే ఉంచుకోమన్నాను. "మీరు మళ్లీ వచ్చేదాకా మాకు దానితో పని లేదు కదా" అంది. అందులో నిష్ఠూరం ఏమీ లేదు, ఉన్నమాట చెప్పింది, అంతే. ఆ తాళంచెవి మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుకొస్తూనే ఉంది.

ఇటువంటి అంతర్జాతీయ భాగస్వామ్యాల వల్ల ఆ దేశాల్లో నిజంగా ఏమైనా నిలబడిందా, లేక ఏటా ఒక జాతరలా వచ్చి పోతుందా? చూసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాత_పర్సు

నేను డాక్టరును కాను, ఆడిటరును. ఇరవై మందికి విమాన టికెట్లు, పెట్టెల కొద్దీ సామగ్రి, పది రోజుల బస కలిపి లెక్క వేస్తే, ఆ పద్నాలుగు మందినీ మన దేశానికే రప్పించి ఆపరేషను చేయించి పంపడం చవక కాదా? టాంజానియా ప్రభుత్వం చాలా కాలం తన గుండె రోగులను సొంత ఖర్చుతో మన దేశానికి పంపిందని చదివాను. కంటి శిబిరంలో కనీసం కళ్లద్దాలైనా మిగులుతాయి. ఇక్కడ మిగిలింది తాళంచెవి ఒక్కటే అన్నమాట.

మత్తుమందు_మాస్టారు

పర్సు గారి లెక్క ఆ పద్నాలుగు మంది వరకే సరిపోతుంది, పదిహేనో మనిషి దగ్గర తప్పుతుంది. రువాండా సంగతి నాకు కొంత దగ్గరగా తెలుసు కనుక వివరంగా రాస్తాను.

2008లో బోస్టన్ నుంచి 'టీమ్ హార్ట్' అనే బృందం మొదటిసారి కిగాలిలోని కింగ్ ఫైసల్ ఆసుపత్రికి వచ్చింది. ఆస్ట్రేలియా నుంచి ఒకటి, బెల్జియం నుంచి ఒకటి, అమెరికా నుంచే ఇంకొకటి, ఇలా మరి మూడు బృందాలు కూడా వేర్వేరు నెలల్లో వచ్చి చేసి వెళ్లేవి. అంటే కోటీ ముప్పై లక్షల జనాభా ఉన్న దేశంలో గుండె ఆపరేషను అనేది ఏడాదికి కొన్ని వారాలపాటు మాత్రమే తెరిచి ఉండే దుకాణం. ఆ వారం వచ్చేదాకా మీ ఊపిరి ఆగకపోతే మీ వంతు వచ్చినట్టు. రోగుల్లో ఎక్కువమంది పాతికేళ్లు కూడా నిండని, గుండె కవాటాలు చెడిపోయే రుమాటిక్ గుండె జబ్బువారే.

అక్కడితో ఆగిపోతే అది మీరన్న జాతరే. కానీ రువాండా ప్రభుత్వం అక్కడితో ఆగలేదు. 2012లో అమెరికాలోని వైద్య విద్యాసంస్థలతో ఏడేళ్ల ఒప్పందం చేసుకుని, వాటి అధ్యాపకులను తన దేశంలోనే ఉండి స్పెషలిస్టులను తయారుచేయమని అడిగింది. ఆ డబ్బు కూడా తన ఆరోగ్యశాఖ ద్వారానే ఖర్చు పెట్టింది. వచ్చినవాళ్లు ఎవరి పక్కన నిలబడాలో, ఎవరికి నేర్పాలో ఆతిథేయ దేశమే నిర్ణయించడం ఇందులో అసలు విశేషం.

2017 డిసెంబరులో, అంటే క్రిస్టియాన్ బర్నార్డ్ మొదటి గుండె మార్పిడి చేసి సరిగ్గా 50 ఏళ్లు నిండిన సందర్భంలో, కేప్ టౌన్‌లో సర్జన్ల సంఘాలు సమావేశమై ఒక ప్రకటన చేశాయి. ప్రపంచంలో దాదాపు 600 కోట్ల మందికి గుండె శస్త్రచికిత్స అందుబాటులో లేదన్నది దాని సారాంశం. ఆ తర్వాత ఏర్పడిన కూటమి ప్రపంచమంతా తిరగకుండా రెండే చోట్లను ఎంచుకుంది. ఒకటి మొజాంబిక్ రాజధాని మపూతో, రెండోది కిగాలి. స్వదేశీ బృందం ఎంతో కొంత అప్పటికే ఉన్న చోట, దాన్ని నిలబెట్టడమే వారి పని. కాబట్టి పంపుగది గారూ, మీరు వెళ్లేది మీరు ఒకప్పుడు చూసిన పరిస్థితిలోకి కాకపోవచ్చు.

స్పానర్

మాస్టారు మనుషుల గురించి చెప్పారు, నేను యంత్రాల గురించి చెబుతాను. బయోమెడికల్ ఇంజినీరుగా రెండు ఆఫ్రికా దేశాల్లో పనిచేశాను. ఒక ఆసుపత్రి గోదాములో, పేరు వద్దు, విరాళంగా వచ్చిన మూడు హార్ట్-లంగ్ యంత్రాలు, అంటే పంపుగది గారు చెప్పిన 'పంపులు', దుప్పట్లు కప్పుకుని ఉన్నాయి. ఒకటి 110 వోల్టులది, అక్కడి కరెంటు 230. రెండోది బాగానే తిరుగుతుంది కానీ దానికి సరిపడే ట్యూబింగు ఆ దేశంలో ఎవరూ తెప్పించరు. మూడోదాని విడిభాగాలు తయారుచేయడం కంపెనీ ఎప్పుడో మానేసింది.

మన పెళ్లిళ్లలో వచ్చే గోడగడియారాలు చూడండి, ఏడు వస్తాయి, ఒక్కదానికీ సెల్లు ఉండదు. విరాళాల యంత్రాలూ అంతే. ఇచ్చినవారి పేరున్న ఫలకం మాత్రం అన్నిటికీ ఉంటుంది.

పంపుగది

స్పానర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మిగతావారికి ఇంకొంచెం విడమరిచి చెబుతాను. ప్రతి రోగికీ రక్తానికి ప్రాణవాయువు ఎక్కించే భాగం, ఆక్సిజనేటర్, కొత్తది కావాలి, వాడి పారేయాలి. పిల్లవాడి బరువును బట్టి దాని సైజు మారుతుంది. పంపు మీదికి ఎక్కించే ముందు రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చి, రక్తం గడ్డకట్టే సమయం 480 సెకన్లు దాటిందని పరీక్ష చేసి చూసుకున్నాకే నేను సర్జనుకు తల ఊపుతాను. ఆ పరీక్ష చేసే చిన్న గొట్టం ఆ కంపెనీదే అయి ఉండాలి, వేరేది ఆ పెట్టెలో పట్టదు. అది అయిపోతే కోట్ల రూపాయల థియేటరు మొత్తం ఆగిపోతుంది. నా ఆ పాత ప్రయాణంలో ఎనిమిదో రోజు మేము ఆపింది రోగులు లేక కాదు, ఆ గొట్టాలు అయిపోయి.

దారెస్సలాం_సిస్టర్

టాంజానియా ప్రస్తావన వచ్చింది కనుక రాస్తున్నాను. నేను దార్ ఎస్ సలాంలో నాలుగేళ్లు గుండె ఐసీయూలో పనిచేశాను. 2015లో జకాయా కిక్వెటే కార్డియాక్ ఇన్‌స్టిట్యూట్ విడిగా ఏర్పడిన తర్వాత అక్కడ ఆపరేషన్లు పెరిగాయి, విదేశాలకు పంపవలసిన రోగులు తగ్గారు. కాబట్టి పర్సు గారూ, మీరు చదివింది నిజమే కానీ పాతది.

అందరూ సర్జను గురించే మాట్లాడతారు. ఆపరేషను మూడు గంటలు, ఆ తర్వాత రెండు రాత్రులు మావి. ఛాతీ గొట్టంలోంచి గంటగంటకూ ఎన్ని మిల్లీలీటర్ల రక్తం వస్తోందో రాయాలి, మూత్రం ఎంతో కొలవాలి. రక్తం రావడం ఒక్కసారిగా ఆగిపోతే సంతోషించకూడదు, గొట్టం మూసుకుపోయి గుండె చుట్టూ రక్తం నిండుతోందేమోనని అనుమానించాలి. నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి మొదటి ఏడాది ప్రతి పావుగంటకూ నన్ను లేపేది. రెండో ఏడాది ఒక రాత్రి రెండున్నరకు ఒక్కసారే లేపి, "గొట్టం ఆగింది, బీపీ జారుతోంది, సర్జనుకు ఫోను చేసేశాను, థియేటరు తెరవమన్నాను" అని చెప్పింది. నేను వెళ్లేసరికి మంచం కదిలిపోతోంది. పది రోజుల శిబిరంలో ఈ రెండో ఏడాది రాదు. అదే తేడా.

పాత_పర్సు

సిస్టర్ గారూ, తప్పు ఒప్పుకుంటున్నాను. ఆడిటరు తప్పు ఒప్పుకున్న తేదీ నమోదు చేసుకోగలరు.

పల్లె_డాక్టరు

మీరందరూ మేడ మీద గది బాగుచేసే పనిలో ఉన్నారు, కింద పునాదిలోకి నీళ్లు వస్తున్నాయి. రుమాటిక్ గుండె జబ్బు మొదలయ్యేది గొంతునొప్పితో. ఇరుకు ఇళ్లలో పిల్లలకు పదే పదే వచ్చే ఆ గొంతునొప్పికి సకాలంలో పెన్సిలిన్ పడితే కవాటం దాకా రాదు. 2018లో ఉత్తర ఉగాండాలో ఒక పరిశోధన మొదలుపెట్టారు. ఎకోలో, అంటే గుండె స్కానింగులో తప్ప పైకి కనిపించని తొలిదశ జబ్బు ఉన్న 818 మంది పిల్లలను తీసుకుని, సగం మందికి నాలుగు వారాలకు ఒకసారి పెన్సిలిన్ ఇంజెక్షను ఇచ్చారు. రెండేళ్ల తర్వాత చూస్తే, ఇంజెక్షను పడినవారిలో జబ్బు ముదిరినవారు ముగ్గురు, పడనివారిలో 33 మంది. ఆ ఇంజెక్షను ధర మనకు తెలియనిది కాదు. ఒక్క ఆపరేషను ఖర్చుతో ఎన్ని ఊళ్ల పిల్లలకు సూదులు వేయవచ్చో పర్సు గారే లెక్క కట్టాలి.

ఎకో_చూసేవాడు

పల్లె డాక్టరు గారి అంకెలు సరైనవే, నిర్ణయంతో ఏకీభవించను. ఆ పరిశోధన చేసింది ఎవరు? కంపాలాలోని ఉగాండా హార్ట్ ఇన్‌స్టిట్యూట్ వారూ, వారితో ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తున్న అమెరికా వైద్యులూ. కంపాలాలో గుండె జబ్బుల కేంద్రం, ఎకో చేయగల మనుషులు, రోగుల రిజిస్టరు అప్పటికే ఉన్నాయి కాబట్టే పల్లెల్లో అంతమంది పిల్లలను వెతికి పట్టుకుని రెండేళ్లు వెంబడించగలిగారు. మేడ మీద గది, పునాది వేర్వేరు ఇళ్లవి కావు.

పైగా మైట్రల్ కవాటం అప్పటికే మూసుకుపోయి, పడుకుంటే ఊపిరాడక కూర్చుని నిద్రపోతున్న పదిహేడేళ్ల పిల్లకు "నీకు పదేళ్ల కిందట పెన్సిలిన్ ఇచ్చి ఉండవలసింది" అని చెప్పి పంపలేం కదా.

పల్లె_డాక్టరు

పంపలేం. కానీ ఆ పిల్లకు లోహపు కవాటం పెట్టి ఊరికి పంపాక ఏమవుతుందో కూడా చెప్పండి. జీవితాంతం రక్తం పలచబడే మాత్ర వేసుకోవాలి, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష నెలనెలా చేయించుకోవాలి. మాత్ర తగ్గితే కవాటం మీద గడ్డ కడుతుంది, ఎక్కువైతే రక్తస్రావం. పెళ్లయి కడుపుతో ఉంటే ఆ మాత్ర బిడ్డకూ ముప్పు, మానేస్తే తల్లికీ ముప్పు. మా పీహెచ్‌సీ పరిధిలోనే ఇద్దరు ఆడపిల్లలు ఇలా ఉన్నారు. పరీక్ష కోసం ఒక్కొక్కరు నెలకో రోజు కూలి పోగొట్టుకుని నలభై కిలోమీటర్లు వెళ్తారు. ఆ శిబిరాల ఫొటోల్లో ఈ నలభై కిలోమీటర్లు కనిపించవు.

ఎకో_చూసేవాడు

ఇక్కడ మనిద్దరిదీ ఒకే మాట. అందుకే రువాండాలో నాకు నచ్చింది ఆపరేషను థియేటరు కన్నా జిల్లా ఆసుపత్రుల్లోని నర్సుల క్లినిక్కులు. 'పార్ట్‌నర్స్ ఇన్ హెల్త్' సంస్థ తోడ్పాటుతో అక్కడి నర్సులు చిన్న ఎకో యంత్రంతో గుండె వైఫల్యాన్ని గుర్తించడం, మాత్రలు సర్దడం, ఆపరేషను అయినవారికి ఐఎన్ఆర్ చూడడం నేర్చుకున్నారు. మన దగ్గర ఎకో ప్రోబు నర్సు చేతికి ఇమ్మంటే కార్డియాలజిస్టులం ముందుగా మేమే అడ్డుపడతాం, అది వేరే సంగతి. ఈ నమూనానే 2022 ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆఫ్రికా ప్రాంత దేశాలన్నీ తమ వ్యూహంగా ఆమోదించాయి.

ఇంకొక మాట. మైట్రల్ కవాటం సన్నబడిన వారిలో చాలామందికి కోత లేకుండా బెలూనుతో తెరిచేయవచ్చు. మన దేశంలో రుమాటిక్ జబ్బు చూస్తూ పెరిగిన కార్డియాలజిస్టులకు అందులో ఆరితేరిన చేతులున్నాయి. అమెరికాలో ఇప్పుడు శిక్షణ పొందే కుర్రవాడికి అటువంటి రోగి కనిపించడమే అరుదు. ఈ విద్య నేర్పడానికి బోస్టన్ కన్నా మన ఊళ్లే అక్కడివారికి దగ్గర.

గోంగూర_బాధితుడు

లోహపు కవాటం పెట్టించుకుని పన్నెండేళ్లు అయింది, రక్తం పలచబడే మాత్ర అసిట్రామ్ రోజూ వేసుకుంటున్నాను. ఆకుకూర ఒక్కసారిగా ఎక్కువ తింటే ఐఎన్ఆర్ పడిపోతుందని డాక్టరు గారు చెప్పారు. అందుచేత మా ఇంట్లో గోంగూర పచ్చడి నాకు చెంచాతో కొలిచి వడ్డిస్తారు. రువాండావారు ఏం తింటారో?

దారెస్సలాం_సిస్టర్

కర్రపెండలం ఆకును దంచి వండుకునే 'ఇసొంబే' వారికి గోంగూరంత ప్రీతి. కాబట్టి చెంచా అక్కడ కూడా అవసరమే. పూర్తిగా మానవద్దు, రోజూ ఒకే కొలత తినండి అని చెప్పాలి. బయటినుంచి వచ్చిన డాక్టరుకు ఆ ఆకు పేరే తెలియకపోతే ఈ సలహా ఎలా ఇస్తాడు? ఇది చెప్పేది ఆ ఊరి నర్సే.

అనంతపురం_నాన్న

చర్చ అంతా చదివాను. మా వాడికి గుండెలో రంధ్రం ఉందని తెలిసినప్పుడు వాడికి నాలుగేళ్లు. ఆపరేషనుకు మూడెకరాలు అమ్మాలి, మాకున్నది రెండు. పుట్టపర్తి ఆసుపత్రిలో ఉచితంగా చేశారు. 1991 నవంబరులో పీవీ నరసింహారావు గారు ప్రారంభించిన ఆసుపత్రి అది. డిశ్చార్జి రోజు బిల్లు ఎక్కడ కట్టాలో అని నేను వరండాలన్నీ తిరిగాను. చివరికి ఒక సేవాదళ్ ఆయన, ఇక్కడ ఆ కౌంటరే లేదు నాయనా అన్నాడు.

ఈ సత్యసాయి కుటుంబంలోని సంస్థలే 2022లో ఫిజీ రాజధాని సువాలో పిల్లల గుండె ఆసుపత్రి ఒకటి తెరిచాయని తెలిసి సంతోషించాను. ఆ దీవుల పిల్లలు అంతకుముందు విదేశీ బృందం వచ్చేదాకా ఆగడమో, సముద్రం దాటడమో చేయవలసి వచ్చేదట. పంపుగది గారికి నేను చెప్పేది ఒక్కటే. వ్యవస్థ నిలబడిందా లేదా అన్నది మీరు మీరు తేల్చుకోండి. ఆ పద్నాలుగు మంది తల్లిదండ్రుల్లో ఎవరినైనా అడిగితే, రావద్దు అని ఒక్కరూ అనరు.

పంపుగది

నాన్నగారూ, మీ మాటకు జవాబు లేదు. నా బాధ పదిహేనో పిల్లవాడి గురించి. మేము సర్దుకుంటున్నప్పుడు వాడు వార్డు బయట బెంచీ మీద వాళ్లమ్మ ఒళ్లో ఉన్నాడు.

పాత_పర్సు

అయితే ఏకంగా శాశ్వత ఆసుపత్రే కట్టేస్తే? సూడాన్‌లో ఇటలీవారు కట్టినదాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

మత్తుమందు_మాస్టారు

ఖార్టూమ్ దగ్గర సోబాలోని సలామ్ కేంద్రం. 'ఎమర్జెన్సీ' అనే ఇటలీ సంస్థ 2007లో తెరిచింది. దాని స్థాపకుల్లో ఒకరైన జీనో స్ట్రాడా స్వయంగా గుండె సర్జను. పొరుగు దేశాల రోగులకు కూడా అక్కడ పూర్తిగా ఉచితం. పేదదేశం కనుక నాసిరకం చాలు అనే ఆలోచనను ఆయన సహించేవాడు కాదు, తన సొంత మనుషులను కూడా చేర్పించగల నాణ్యత ఉండాలన్నది ఆయన పట్టుదల. 2021లో ఆయన పోయారు. 2023 ఏప్రిల్‌లో ఖార్టూమ్‌లోనే యుద్ధం మొదలైనా ఆ కేంద్రం మూతపడలేదు. అక్కడ ఉండి నడిపినవారిలో సూడాన్‌వారు ఎందరో. ఇది చిన్న విషయం కాదు.

అయితే నిధుల్లో పెద్ద భాగం ఏటా బయటినుంచి రావాలి. సంస్థకు ఓపిక ఉన్నంతకాలమే అది నడుస్తుంది. నా మటుకు నాకు, స్వదేశీ బడ్జెట్టులో ఒక పద్దు, అది చిన్నదైనా సరే, ఉన్న కార్యక్రమమే ఎక్కువ కాలం బతుకుతుందనిపిస్తుంది.

స్పానర్

బడ్జెట్టు పద్దు అంటే గుర్తొచ్చింది. 1990లో తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ మన సొంత కవాటాన్ని మొదటిసారి మనిషికి అమర్చింది. ఇప్పటికి లక్షకు పైగా అమర్చారు. దిగుమతి కవాటం ధర చూసి వెనుదిరిగిన ఎంతోమందికి అదే దిక్కయింది. విరాళంగా పాత యంత్రం పంపడం కన్నా, ఇటువంటి సామగ్రిని కొనగలిగే ధరకు ఏళ్ల తరబడి నిలకడగా అందేటట్టు ఒప్పందం కుదర్చడం గొప్ప భాగస్వామ్యం. కాకపోతే దాని మీద ఫలకం వేయించడానికి చోటుండదు.

కృష్ణాతీరం

మనం ఎప్పుడూ ఇచ్చే చెయ్యి అన్నట్టు మాట్లాడుకుంటున్నాం. బ్రిటన్‌కు చెందిన 'హీలింగ్ లిటిల్ హార్ట్స్' బృందాలు విజయవాడకే వచ్చి పిల్లలకు ఆపరేషన్లు చేస్తాయి. లివర్‌పూల్ ఆల్డర్ హే పిల్లల ఆసుపత్రి నుంచి ఒక తెలుగు సర్జను తన బృందంతో హైదరాబాదు నిమ్స్‌కు వస్తుంటారు. పుచ్చుకునే వైపు నిలబడినవారికి ఏది మిగిలిందో పంపుగది గారికే తెలియాలి.

పంపుగది

మంచి ప్రశ్న అడిగారు. ఏ ఆసుపత్రి అని చెప్పను గానీ, నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు ఒక విదేశీ బృందంలోని పెర్ఫ్యూజనిస్టు మొదటి రెండు రోజులు నన్ను పంపు తాకనివ్వలేదు. మూడో రోజు నాలుగున్నర కిలోల పసిబిడ్డ కేసు. ఆయన కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోబెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నా వెనకాల నిలబడ్డాడు. రెండు గంటలసేపు ఒక్క మాట మాట్లాడలేదు. ప్రవాహం తగ్గించవలసిన చోట ఒకసారి గొంతు సవరించుకున్నాడు, అంతే. ఈ రోజు చిన్నపిల్లల కేసుకు నేను భయపడకపోవడానికి కారణం ఆ రెండు గంటలే. ఆయన చేసిన మిగతా కేసులేవీ నాకు గుర్తులేవు.

దారెస్సలాం_సిస్టర్

మీ ప్రశ్నకు మీరే జవాబు రాసుకున్నారు. ఒక్క హెచ్చరిక. నేర్చుకున్నవాళ్లు వెళ్లిపోతారు. నా దగ్గర తయారైన ఐదుగురిలో ఇద్దరు గల్ఫ్‌లో ఉన్నారు. వారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు, నేనూ విమానం ఎక్కి వచ్చినదాన్నే. అందుకే ఒక్కరికి నేర్పి ఊరుకోకండి, కనీసం ఇద్దరికి నేర్పండి.

పంపుగది

వారం తర్వాత మళ్లీ రాస్తున్నాను. మీ అందరి మాటలూ కలిపి ఆ బృందానికి నాలుగు ప్రశ్నలు పంపాను. పంపు దగ్గర ఎవరు కూర్చుంటారు, ఆక్సిజనేటర్లు ఎవరు కొంటారు, ఆపరేషను అయినవారికి ఐఎన్ఆర్ ఎక్కడ చూస్తారు, మేము వెళ్లిన మరుసటి వారం ఆ థియేటరులో ఏం జరుగుతుంది అని.

నిన్న జవాబు వచ్చింది. అక్కడ ఇద్దరు స్వదేశీ పెర్ఫ్యూజనిస్టులు ఉన్నారట, పెద్దవారి కేసులు వారే చేసుకుంటున్నారట. పదిహేను కిలోల లోపు పిల్లల కేసులకే పక్కన ఒకరు కావాలని అడుగుతున్నారు. మేము తిరిగివచ్చిన తర్వాతి మంగళవారానికి వారి సొంత జాబితా కూడా పంపారు, మూడు పేర్లున్నాయి. నాలుగో ప్రశ్నకు అంతకన్నా జవాబు అక్కరలేదు. సెలవు పెట్టేశాను. పిల్లల ఆక్సిజనేటర్లు ఏ సైజువి, ఏ కంపెనీవి వాడుతున్నారో వారినే అడిగి, మన దగ్గర దొరికేవాటిని తీసుకెళ్తాను.

స్పానర్

కనెక్టర్ల కొలతలు కూడా అడగండి. కరెంటు మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్గు పిన్నులు మాత్రం వేరు, రెండు అడాప్టర్లు పెట్టుకోండి. ఒకటి తప్పకుండా ఎవరో అడిగి తీసుకుని తిరిగి ఇవ్వరు.

దారెస్సలాం_సిస్టర్

స్వెట్టరు కూడా పెట్టుకోండి. భూమధ్యరేఖ పక్కనే కదా అని కాటను చొక్కాలతో వెళ్లేరు. కిగాలి పదిహేను వందల మీటర్ల ఎత్తున ఉంది, రాత్రి కేసు ముగించుకుని బయటకు వస్తే చలి పెడుతుంది.